భీమవరం దాకా

మొన్న ఆదివారం మా అమ్మాయి, అల్లుడు, పిల్లలతో సహా భూపాలపల్లి నుంచి మానుకోటకు వచ్చి, మధ్యాహ్నం భోజనాలయ్యాక ముందు గదిలో చాప పరుచుకుని కూర్చుని, వచ్చే సెలవుల్లో వారం రోజుల పాటు సముద్రం పక్క దారి పట్టుకుని కారులో తిరిగి రావాలని ముచ్చట మొదలుపెట్టారు. అల్లుడు బొగ్గు గనిలో ఉద్యోగి, ఏ పనైనా చకచకా తేల్చే మనిషి. ఫోను చేతిలో పట్టుకుని నర్సాపురం, అంతర్వేది, యానాం, కాకినాడ అంటూ ఒక్కొక్క ఊరి పేరూ చదువుతున్నాడు. పక్కనే పడక కుర్చీలో కూర్చుని వింటున్న నాకు, అతను కాకినాడ అనగానే, ఆ తర్వాత రాబోయే ఉప్పాడ పేరు అతనికంటే ముందే నోట్లో మెదిలింది. అంతలో మా అమ్మాయి నా వైపు తిరిగి, "బాపూ, నువ్వు, అమ్మ గూడ రాండ్రి. బండిల జాగ ఉన్నది" అంది. నేను ఏదో గుర్తొచ్చినవాడిలా లేచి, చెట్లకు నీళ్లు పోయాలని చెప్పి, నడినెత్తిన ఎండ కాస్తుంటే బయటికి వచ్చేశాను. వంటింటి గడపలో నిలబడ్డ మా ఆవిడ ఒక్కసారి నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆమెకు తెలుసు. మా పిల్లలకు మాత్రం ఈ సంగతి మేమెప్పుడూ చెప్పలేదు. నా ఈడు వాళ్లకైతే చెప్పుకోవచ్చుననిపించి ఇవాళ చెబుతున్నాను.

మాది మానుకోట దగ్గర లంబాడా తండా. ఇంట్లో మా భాష, బయట తెలుగు. డిగ్రీ చదివే రోజుల్లో సెలవులొస్తే ట్రెక్కర్ జీపు నడిపి, మానుకోట నుంచి గూడూరు దాకా జనాన్ని చేరవేసి, ఆ డబ్బుతోనే చదువు గట్టెక్కించుకున్నాను. స్టీరింగు పట్టి బతికినందుకు ఏనాడూ నామోషీ పడలేదు. పడలేదని ముందే చెప్పడమెందుకంటే, తర్వాత జరిగింది వినేవాళ్లు నా బాధ అదేననుకుంటారేమోనని. చదువు అయ్యాక టీచరు ఉద్యోగం వచ్చి గంగారంలో చేరాను. చుట్టూ అడవి, సాయంత్రం బస్సు వెళ్లిపోతే మళ్లీ పొద్దున దాకా బయటి మనిషి కనిపించని ఊరు. అక్కడ నాకంటే రెండేళ్లు ముందు చేరిన ఇంకో టీచరుతో నాకు స్నేహం కుదిరింది. ఆయనది రఘునాథపల్లి దగ్గర బాగా భూమి ఉన్న ఇల్లు. నాన్న సర్పంచి. అయినా ఆ దర్జా ఎక్కడా కనబడేది కాదు. నన్ను తమ్మీ అనేవాడు, నేను అన్నా అనేవాణ్ణి. పక్కపక్క గదుల్లో అద్దెకుండి, ఒకే పొయ్యి మీద వండుకుని, ఒకే కంచంలోనన్నట్టు తినేవాళ్లం.

మా బళ్లో సైన్సు చెప్పే సారు ఒకాయన కోస్తా నుంచి వచ్చినవాడు. మంచివాడే కానీ, మేం వచ్చినం, పోయినం అంటే నవ్వకుండా ఉండలేకపోయేవాడు. ఒకరోజు నేనేదో చెబుతుంటే నా మాటను యాస తీసి వెక్కిరించాడు. నేను నవ్వి ఊరుకున్నాను. నా స్నేహితుడు మాత్రం ఊరుకోలేదు. "మన భాష మీకు నవ్వులాటనా సార్? మన తమ్మి మాట్లాడినట్టు నీటుగ మీరు మాట్లాడుండ్రి చూస్త" అని అందరి ముందూ నిలదీశాడు. ఇంటిదగ్గర ఇంకో భాష మాట్లాడుకునే నన్ను, ఆయన అంత తేలిగ్గా 'మన'లో కలిపేసుకున్నాడని ఆ రాత్రి చాలాసేపు మురిసిపోయాను. ఆ సైన్సు సారే తర్వాత మా ఇద్దరి నెత్తికీ సముద్రపు పిచ్చి ఎక్కించాడు. ఉప్పాడ దగ్గర రోడ్డు మీద వెళుతుంటే కెరటం తుంపర బస్సు కిటికీలోంచి మొహం మీద పడుతుందని ఆయన చెబితే, ఇద్దరం నోళ్లు తెరుచుకుని విన్నాం. మాలో ఒక్కరమూ అప్పటికి సముద్రం చూసినవాళ్లం కాదు.

అలా మొదలైంది మా ఆలోచన. ఆయన నాన్నగారికి ఒక అంబాసిడర్ కారు ఉండేది. నా స్నేహితుడికి నడపడం అంతంతమాత్రం, నాకు కొట్టినపిండి. కారు మీది, నడపడం నాది అనుకున్నాం. అప్పుడు ఫోనుల్లో దారులు చూపించే రోజులు కావు గదా, బడి వదిలాక ఏడో తరగతి గోడకున్న పటం దింపి బల్ల మీద పరిచి, మొక్కజొన్న బస్తాలు కుట్టే సుతిలి దారం తీసుకుని తీరం వెంబడి వంపు వంపుకూ దాన్ని ఆనిస్తూ దూరాలు కొలిచేవాళ్లం. పటంలో లేని దారుల కోసం, మా అడవుల నుంచి గోదావరి పక్కనున్న కాగితపు మిల్లుకు వెదురు మోసే లారీ డ్రైవర్లను రోడ్డు పక్క టీ కొట్టులో పట్టుకుని అడిగేవాణ్ణి. సత్తుపల్లి మీదుగా జంగారెడ్డిగూడెం, అక్కణ్నుంచి తాడేపల్లిగూడెం, భీమవరం. భీమవరంలో ఆయన అక్కగారిల్లుంది, బావగారు అక్కడ ఇంజనీరు, మొదటి రాత్రి మకాం అక్కడే. మర్నాడు నర్సాపురం, కారును పంటు మీదెక్కించి గోదావరి దాటడం, అంతర్వేది, ఆ తర్వాత యానాం, కాకినాడ, ఉప్పాడ, తుని, విశాఖ, చివరికి భీమిలి. వారం రోజులు. పంటు మీదికి కారెక్కించేటప్పుడు చెక్కలు జారితే ఎలా అని ఆయనకు ఒకటే భయం. బల్ల మీద రెండు స్కేళ్లు పెట్టి, సుద్దముక్కల పెట్టెను కారు చేసి, నేను ఎలా ఎక్కిస్తానో చూపించేవాణ్ణి. ఇద్దరు టీచర్లం, చిన్నపిల్లలకంటే అధ్వానంగా ఆడుకున్నాం ఆ చలికాలమంతా.

నాకు అప్పుడే పెళ్లయింది, మా ఆవిడ తండాలోనే ఉండేది. మొదట స్నేహితులం ఇద్దరమే వెళదామనుకున్నాం. తర్వాత ఆయన ఊళ్లో ఉన్న తన భార్యనూ తీసుకొస్తానన్నాడు. వాళ్లకు చంకలో పాప. ఆయన ఊరుకోకుండా, మా ఆవిడ కూడా రావలసిందేనని పట్టుబట్టాడు. "చెల్లె రాకుంటే నేను గూడ పోను తమ్మి. ఆమె మాత్రం సముద్రం చూడొద్దా?" అన్నాడు. నా కళ్లు చెమర్చాయంటే నమ్మండి. మా తండాలో అప్పటికి ఏ ఆడమనిషీ ఊరు చూడ్డానికని ఇల్లు కదిలింది లేదు. కదిలితే కూలికి, లేకపోతే దవాఖానకు. ఈ మాట చెబితే మా యాడి, అంటే మా అమ్మ, గుడిసె గుడిసెకూ తిరిగి కోడలు సముద్రం చూడబోతున్నదని చాటింపు వేసింది. మా ఆవిడ మాత్రం ఎక్కువ మాట్లాడలేదు. జొన్నరొట్టెలు ఎండబెట్టింది, వెల్లుల్లి కారం దంచింది, ఎప్పుడూ వేసుకునే అద్దాల లంగా మడిచి పెట్టెలో పెట్టి కొత్త చీర తీసింది. చీర కట్టుకుంటే బాగుంటుంది, ఆ లంగాలో అయితే అక్కడివాళ్లు వింతగా చూస్తారని నా స్నేహితుడే చెప్పి పంపాడు. అదీ మంచికేననుకున్నాను.

బయలుదేరిన పొద్దు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. తెల్లవారుతుండగానే మానుకోటలో అందరం కారెక్కాం. ఆయన ముందు సీట్లో నా పక్కన, ఆడవాళ్లిద్దరూ పాపతో వెనక. ఖమ్మం దాటాక ఆయన పాట అందుకున్నాడు. సత్తుపల్లి దగ్గర ఆగి మా రొట్టెలు నలుగురమూ పంచుకు తిన్నాం. కారం ఘాటుకు ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతుంటే వెనక ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. దారంతా పాప ఏడుస్తుంటే మా ఆవిడ ఒళ్లో వేసుకుని మా భాషలో ఏదో పాట పాడి నిద్రపుచ్చింది. తాడేపల్లిగూడెం దాటేసరికి గాలిలో ఒక కొత్త తేమ తగిలింది. సముద్రం వాసన ఇలాగే ఉంటుందేమోనని నేను అంటే, ఇంకా చాలా దూరముందిలే అని ఆయన నవ్వుతూ నా భుజం తట్టాడు.

భోజనాల వేళకు భీమవరం చేరాం. కారు ఆగగానే అక్కగారు ఎదురొచ్చింది. తమ్ముణ్ణీ, మరదల్నీ పలకరించి లోపలికి పంపి, నా దగ్గరికి వచ్చి ఎంతో మర్యాదగా, "ఏం డ్రైవరన్నా, తొవ్వల ఏం తక్లీఫ్ కాలేదు గదా? బండి ఆ రేకుల షెడ్డుల పెట్టు. మీ ఇద్దరికి అందులనే మంచమేయించిన" అంది. నాకు అర్థం కాలేదు. ఆమె పొరబడిందనుకుని, నవ్వుతూ, నేను డ్రైవర్ని కానక్కా అనబోయాను. ఈలోగా ఆమె మా ఆవిడ వైపు తిరిగి, "నీ పేరేంది పిల్లా? తమ్ముడు ఫోన్ల చెప్పిండు, డ్రైవరు, ఆయన ఇంటామె వస్తున్నరని. పాపనెత్తుకునేటందుకు మనిషి దొరికిందని మా మరదలు గూడ మస్తు సంబురపడ్డదంట" అంది. ఆమె మాటలో ఎక్కడా ఎగతాళి లేదు. తనకు చెప్పిన సంగతినే తను చెబుతోంది. పాప ఇంకా మా ఆవిడ భుజం మీదే ఉంది.

పొరపాటు ఏమీ లేదని అప్పుడు తెలిసింది. అంతా ముందే అనుకున్నదే. గంగారంలో పటం మీద దారం పెట్టి మేమిద్దరం దారులు వెతుక్కుంటున్న ఆ రోజుల్లోనే, ఆయన మానుకోటకో జనగామకో వచ్చినప్పుడు ఫోను బూత్‌లోంచి అక్కకు ఇంకో ఏర్పాటు చెప్పి వచ్చాడు. చెల్లె రాకుంటే పోనని పట్టుబట్టినప్పుడు నా కళ్లు చెమర్చాయని చెప్పాను గదా, ఆ పట్టుదలకు అర్థం ఆ వాకిట్లో నిలబడ్డప్పుడు బోధపడింది.

వెనక వసారాలో మా ఇద్దరికీ ఆకులు వేశారు. వంటామె వడ్డిస్తోంది. తలుపు తెరిచే ఉండడంతో లోపల బల్ల దగ్గర బావగారితో కలిసి తింటున్న నా స్నేహితుడు నాకు కనిపిస్తూనే ఉన్నాడు, ఆయనకు నేనూ కనిపిస్తున్నాను. ఒకసారి చూపులు కలిశాయి. తల వంచుకుంటాడేమోననుకున్నాను. వంచుకోలేదు. బావగారు ఏదో అంటే నవ్వుతూ అటు తిరిగి చేప ముల్లు తీసుకుంటున్నాడు. నేను ఆకు మడిచి లేచాను. చేయి కడుక్కోవడానికి ఆయన పెరట్లోకి వచ్చినప్పుడు దగ్గరికి వెళ్లాను.

"అన్నా, నేను మీ డ్రైవర్నా?" అని అడిగాను.

"జర మెల్లగ మాట్లాడు తమ్మి" అన్నాడు, లోపలికి ఒకసారి చూసి. "మా బావ సంగతి నీకు తెల్వదు. తండోళ్లు నా దోస్తులని చెప్తే ఇంట్ల కాలు పెట్టనియ్యడు. డ్రైవరంటే ఏ పరేషాన్ ఉండదు. నీకోసమే గదనే అట్ల చెప్పిన."

"మరి ఆమె? ఆయా అని ఎందుకు చెప్పినవ్?"

"అరె, గీ ఒక్క పూటనే. రేపు తెల్లారితే మళ్ల మనం మనమే. గింత దానికి మనసు చిన్నగ చేసుకుంటరా?"

"నాకు చెప్పుడు కాదన్నా" అన్నాను. "ఇప్పుడు చెప్పిందంత పోయి మీ చెల్లెకు చెప్పు. ఆమెనే నీ బిడ్డను ఎత్తుకోని నిలబడ్డది."

ఆయన ఆమె వైపు చూశాడు. మా ఆవిడ వసారా స్తంభం పక్కన పాపను ఊపుతూ నిలబడి ఉంది. మా మాటలన్నీ విన్నదనడానికి గుర్తుగా ఆ ఊపడం ఆగిపోయింది. ఆయన తువ్వాలుతో చేయి తుడుచుకుంటూ ఇంకా తుడుచుకుంటూ అక్కడే ఉండిపోయాడు గానీ, ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు. అప్పుడు నాకు కోపం కూడా పోయింది. కోపం ఉంటే ఇంకా ఏదో మిగిలేదేమో. జేబులోంచి తాళంచెవి తీసి గోడ మీద పెట్టి, "బండి షెడ్డుల ఉంది సార్" అన్నాను. అన్నా అన్న నోటితో సార్ అనడం అదే మొదలు, మళ్లీ మారలేదు.

మా ఆవిడ లోపలికి వెళ్లి పాపను తల్లి చేతికిచ్చింది. ఆ తల్లి తల ఎత్తకుండానే అందుకుంది. సంచీ తీసుకుని ఇద్దరం రోడ్డెక్కాం. ఎవరూ ఆపలేదు. బస్టాండులో కూర్చున్నాక, ఖమ్మం వెళ్లే బస్సు ఎప్పుడో కనుక్కొస్తానని లేచాను. మా ఆవిడ నా చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. "సముద్రం వాళ్లదా ఏంది? గింత దూరమొచ్చి మనం చూడొద్దా?" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ రాత్రి ఒక సత్రంలో తలదాచుకుని మర్నాడు నర్సాపురం బస్సెక్కి, అక్కణ్నుంచి ఆటోలో పేరుపాలెం దగ్గర తీరానికి చేరాం. ఆమె కొత్త చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నీళ్లలోకి నడిచి, కెరటం వచ్చి కాళ్ల కింద ఇసుక లాగేస్తుంటే అరిచి, నవ్వి, నన్ను రమ్మని పిలిచింది. వెళ్లాను. కానీ ఇవాళ ఎవరైనా అడిగితే ఆ సముద్రం ఏ రంగులో ఉందో చెప్పలేను. నేను చూస్తున్నది రోడ్డు వైపు. ఆ అంబాసిడర్ వస్తుందేమో, ఆయన దిగి ఇసుకలో నడిచి మా దగ్గరికి వస్తాడేమో, వచ్చి ఏదో ఒకటి అంటాడేమోనని. ఎవరూ రాలేదు. మధ్యాహ్నం దాటాక బస్సులు మారుకుంటూ మా ఊరి దారి పట్టాం. తండాలో అందరూ చుట్టూ చేరితే మా ఆవిడ కెరటాల గురించి, నీళ్ల ఉప్పు గురించి రోజుల తరబడి చెప్పింది. ఆ ఇంటి మాట ఒక్కటి కూడా మా యాడికి తెలియనివ్వలేదు.

వాళ్లు భీమవరంలోనే ఒక డ్రైవరును మాట్లాడుకుని, మేం గీసుకున్న దారినే, అనుకున్న చోట్లలోనే ఆగుతూ, భీమిలి దాకా వెళ్లి వచ్చారు. బడి తెరిచాక స్టాఫు గదిలో ఫోటోలు చేతులు మారాయి. నేను ఏదో చిన్న మాటకు అలిగి, చంటిపిల్లతో ఉన్న ఆడమనిషిని నడిదారిలో వదిలేసి వచ్చానని అప్పటికే అందరికీ తెలిసింది. ఎవరు చెప్పారో అడగక్కర్లేదు. హెడ్మాస్టరు గారు నన్ను పక్కకు పిలిచి, మనిషికి అంత పౌరుషం పనికిరాదయ్యా అని మంచి మాటలు చెప్పారు. సైన్సు సారు కూడా నాతో ముభావంగా ఉండసాగాడు. నిజం చెప్పుకోవడానికి నోరు రాలేదు. చెప్పాలంటే నా భార్యను ఏమన్నారో, ఎక్కడ ఆకు వేశారో నా నోటితోనే ఆ గదిలో మళ్లీ చెప్పాలి గదా. దానికంటే పొగరుబోతు అనిపించుకోవడమే నయమనుకున్నాను. బదిలీ అయ్యేదాకా పక్కపక్క గదుల్లోనే ఉన్నాం. పొయ్యి మాత్రం వేరైంది. ఎదురుపడితే ఆయన మామూలుగానే పలకరించేవాడు, నేనే లేనిపోనిది పెంచుకున్నట్టు.

కొన్నేళ్ల కిందట స్టేషన్ ఘన్‌పూర్‌లో పాత టీచరొకాయన ఇంట్లో పెళ్లికి వెళ్లాం. భోజనాల దగ్గర ఎవరో వెనక నుంచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయనే. జుట్టంతా నెరిసి, కాస్త వంగిపోయాడు. వెంట ఉన్న కూతురికి నన్ను చూపిస్తూ, గొంతు నిండా సంతోషంతో, "బిడ్డా, నా పానం లెక్క ఉండేటి దోస్తు. నువ్వు చంకల ఉన్నప్పుడు అందరం కలిసి సముద్రం పోయినం. తొవ్వంత ఈ అమ్మనే నిన్ను ఎత్తుకున్నది" అన్నాడు. ఆ అమ్మాయి వంగి మా ఆవిడ కాళ్లకు దండం పెట్టింది. మా ఆవిడ ఆమె తల నిమిరి, "మస్తు ఏడ్చినవు బిడ్డా ఆరోజు" అంది, అంతే. నేను ఉండలేక, "మేం భీమవరం దాకనే వచ్చినం సార్" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. నిజంగానే వెతుక్కున్నాడు, నటన కాదు. "అట్లనా?" అన్నాడు. "మొత్తం తిరిగినం గదనే. భీమిలిల ఫోటోలు గూడ ఉన్నయి ఇంట్ల. నాకైతే అట్ల యాదిలేదు తమ్మి." తర్వాత మా పక్కనే కుర్చీ లాక్కుని, మా విస్తరి పక్కన తన విస్తరి వేయించుకుని కడుపునిండా తిన్నాడు.

ఇప్పుడు చాలా మారాయి, కాదనను. ఏ పెళ్లిలోనైనా ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారని చూసేవాళ్లు తగ్గారు. మా తండా ఇప్పుడు పంచాయతీ అయింది, అక్కడి ఆడపిల్లలు నర్సులై, టీచర్లై ఊళ్లు తిరుగుతున్నారు. గోదావరి మీద వంతెనలు పడ్డాయి, మేం ఒక చలికాలమంతా కూర్చుని వెతికిన దారిని మా అల్లుడు ఒక్క మధ్యాహ్నంలో తేల్చేశాడు. వాళ్లతో పాటు గనిలో పనిచేసే అతని స్నేహితుడి కుటుంబం కూడా వస్తుందట. ఫోనులో ఆ అబ్బాయితో మాట్లాడుతూ అల్లుడు నవ్వే నవ్వు చెట్ల దగ్గరికి కూడా వినిపించింది. ఆ పిలగాడు వాళ్లింట్ల నిన్ను ఎవరని చెప్పిండు బిడ్డా అని అల్లుణ్ణి అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. వాళ్లకు ఆ ప్రశ్న అవసరం లేకపోవచ్చు, ఆ సంతోషంలో నా మాట ఒక మరక కావడం నాకిష్టం లేదు. మా ఆవిడ వస్తానని చెప్పేసిందట, నేనింకా చెప్పలేదు.

సముద్రం సరిగా చూడలేదన్న బెంగ నాకు లేదు. అది అక్కడే ఉంటుంది. నన్ను ఇప్పటికీ తినేది ఆ గంగారం సాయంత్రాలు. నా ఉద్యోగ జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు మళ్లీ రాలేదు. వాటిని తలుచుకుని మురిసిపోదామంటే భీమవరం అడ్డం వస్తుంది, అవన్నీ అబద్ధమని తోసేద్దామంటే మనసు ఒప్పదు. పటం పరిచిన ఆ బల్ల దగ్గర నిజంగా ఇద్దరం కూర్చున్నామా, లేక నేనొక్కణ్నే కూర్చుని ఇద్దరమనుకున్నానా అన్నది చెప్పగలిగిన మనిషి ఆయనొక్కడే. ఆయనకేమో యాదిలేదు.